ఇంటి అక్వేరియంలో మెత్తని పగడాల ప్రవర్ధనం, నియంత్రణ: ఒక వివరణ

వ్యాససంగ్రహం

ఉప్పునీటి అక్వేరియంలో పెరిగే మెత్తని పగడాలను ముక్కలుగా కోసి కొత్త సమూహాలుగా పెంచడం సులభం. ఆ సౌలభ్యానికి కారణమైన గుణమే వాటిని అదుపులో ఉంచడాన్ని కష్టతరం చేస్తుంది. ప్రవర్ధనం, నియంత్రణ అనేవి రెండు వేర్వేరు పనులు కావనీ, ఒకే జీవధర్మానికి రెండు పార్శ్వాలనీ ఈ వ్యాసం వివరిస్తుంది. ముచ్చె, నేల అంటు, పెళ్ల, కలుపు వంటి తెలుగు వ్యవసాయ పదాలు ఈ విషయాన్ని బోధించడానికి ఎంతవరకు ఉపకరిస్తాయో, ఎక్కడ చాలవో పరిశీలిస్తుంది. అక్వేరియం ముక్క సముద్రంలో పడితే కలిగే నష్టాన్ని వెనిజులా తీరపు అనుభవం ఆధారంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: మెత్తని పగడాలు, ప్రవర్ధనం, నియంత్రణ, జెనియా, ఆక్రమణ జాతులు, వ్యవసాయ పదజాలం.

1. ప్రవేశిక

ఈ వ్యాసానికి ప్రేరణ మా ఇంటి తొట్టె. నాలుగేళ్ళ క్రితం విశాఖపట్నంలోని మా ఇంట్లో సుమారు 150 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఏర్పాటు చేసుకున్నాను. ఒక మిత్రుడు ఇచ్చిన బొటనవేలంత జెనియాను అందులోని నడిమి రాతిపై ఉంచాను. జెనియా ఒక మెత్తని పగడం. ఏడాదిన్నరలో అది ఆ రాయినంతా కప్పేసింది. ఒక ఆదివారం నీటి పంపులు ఆపకుండానే పాత టూత్‌బ్రష్‌తో దాన్ని గీకివేశాను. రాయి శుభ్రపడింది. నెల తిరిగేసరికి తొట్టెలో మరో ఆరు చోట్ల జెనియా మొలిచింది. కలుపు తీశాననుకున్న చేత్తోనే విత్తనం చల్లానని అప్పుడు అర్థమైంది.

రెండవసారి జాగ్రత్తగా తీసి బకెట్లో వేసిన ముక్కలను చూసి, ఇంటికి వచ్చిన సహోద్యోగి ఒకరు "పాపం, ప్రాణమున్నవి కదండీ, పట్టుకెళ్ళి సముద్రంలో వదిలేయకూడదూ?" అన్నారు. ఆ మాటలో దయ ఉంది. ఆ దయ ఎందుకు ప్రమాదకరమో చెప్పడానికి ఆనాడు నా దగ్గర సరైన వివరణ లేదు. ఆ లోటును పూరించుకునే ప్రయత్నమే ఈ వ్యాసం. ముందుగా పేరును, ప్రాణి నిర్మాణాన్ని, ఆ తరువాత ప్రవర్ధన పద్ధతులను, కోతలోని ప్రమాదాలను, నియంత్రణను, చివరగా తొట్టె దాటిన పగడం కథను వరుసగా పరిశీలిద్దాం.

2. మెత్తని పగడం: పేరు, ప్రాణి

2.1 పేరు

సంస్కృతంలో 'ప్రవాళ' శబ్దానికి లేత చిగురు అనీ, పగడం అనీ రెండు అర్థాలున్నాయి. 'విద్రుమం' అనే పర్యాయపదంలోని 'ద్రుమం' అంటే చెట్టు. ప్రవాళ శబ్దభవాలుగా పవడము, పగడము అనే రూపాలు తెలుగులో వాడుకలోకి వచ్చాయి. పగడాన్ని మొక్కగా చూసే చూపు ఈ పేర్లలోనే ఉంది. యూరపులోనూ 18వ శతాబ్దం దాకా ఇదే అభిప్రాయం బలంగా ఉండేది. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు పేసొనెల్ 1720వ దశకంలో పగడం జంతువని వాదించినా, ఆ మాట అంగీకారం పొందడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

మరో విశేషం కూడా గమనించదగింది. నవరత్నాల్లో చేరిన ఎర్రపగడానికి ప్రసిద్ధ మూలం మధ్యధరా సముద్రంలో పెరిగే కొరాలియం రూబ్రమ్ అనే జీవి. దాని అస్థిపంజరం రాయిలా గట్టిది. అయినా వర్గీకరణ దృష్టితో చూస్తే అది దిబ్బలు కట్టే రాతి పగడాలకు దూరపు చుట్టం, మెత్తని పగడాలకు దగ్గరి చుట్టం. రెండూ ఆక్టోకొరాలియా అనే అష్టస్పర్శక వర్గానికే చెందుతాయి. కనుక 'మెత్తని పగడం' అన్నది వాడుక పేరే గాని కచ్చితమైన వర్గనామం కాదు. పూర్వం వీటిలో ఎక్కువ భాగాన్ని ఆల్సియోనేసియా అనే క్రమంలో ఉంచేవారు. 2022లో మెక్‌ఫాడెన్, వాన్ ఆఫ్వెగెన్, క్వాట్రిని చేసిన పునర్వర్గీకరణ ఈ వర్గమంతటినీ మాలకాల్సియోనేసియా, స్క్లెరాల్సియోనేసియా అనే రెండు క్రమాలుగా విభజించింది.

2.2 ప్రాణి

మెత్తని పగడం ఒక్క ప్రాణి కాదు, పాలిప్‌ల సమూహం. ప్రతి పాలిప్‌కు ఎనిమిది స్పర్శకాలుంటాయి. వాటి అంచులు పక్షి ఈకలా చీలి ఉంటాయి. పాలిప్‌లన్నింటినీ కలుపుతూ మెత్తని ఉమ్మడి కణజాలం, అందులో సన్నని నాళాలు ఉంటాయి. రాతి పగడానికి ఉన్నట్లు అఖండమైన అస్థిపంజరం ఉండదు. దానికి బదులు కాల్షియం కార్బొనేట్‌తో ఏర్పడిన సూక్ష్మ కంటకాలు కణజాలంలో చెదురుగా ఉండి ఆకారాన్ని నిలబెడతాయి. అక్వేరియంలో పెంచే రకాల్లో ఎక్కువ భాగం తమ కణాల్లో జూజాంథెల్లే అనే శైవలాలకు ఆశ్రయమిస్తాయి. ఆ శైవలాలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసిన ఆహారంలో కొంత పగడానికి చేరుతుంది.

జెనియా కుటుంబంలోని కొన్ని రకాలు తమ స్పర్శకాలను పిడికిలిలా ముడుస్తూ, విప్పుతూ ఉంటాయి. ఈ నిరంతర చలనం ఎందుకన్నది చాలాకాలం తేలలేదు. ఎర్రసముద్రపు హెటెరోజెనియాపై జరిపిన అధ్యయనం ఒకటి 2013లో వెలువడింది. ఈ కదలిక ఆక్సిజన్ నిండిన నీటిని పాలిప్‌ల చుట్టూ నిలవనీయకుండా తోసివేసి, కిరణజన్య సంయోగక్రియ వేగాన్ని పెంచుతుందని ఆ అధ్యయనం చూపింది. చూపరులను ఆకర్షించే ఆ లయే జెనియా శీఘ్ర వృద్ధికీ తోడ్పడుతోందన్నమాట.

మన చర్చకు కీలకమైన గుణం వేరొకటి ఉంది. కోసిన ముక్కలో దేహభిత్తి, నాళాలు, శైవలాలు కొద్దికొద్దిగా ఉంటే చాలు. ముక్క తన గాయాన్ని మూసుకుంటుంది, ఆధారాన్ని పట్టుకుంటుంది, కొత్త పాలిప్‌లను పుట్టిస్తుంది. ఇది అలైంగిక ప్రత్యుత్పత్తి. తల్లి సమూహానికీ, ముక్కకూ జన్యుపరంగా భేదం ఉండదు. అంటే మెత్తని పగడం విషయంలో ముక్కకూ విత్తనానికీ తేడా లేదు.

3. తొట్టెలో కావలసిన పరిస్థితులు

ఇంటి తొట్టెలో పగడాల పెంపకం ఇటీవలి వ్యాసంగం. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సజీవ శిలలనూ, గాలి బుడగలనూ ఆధారం చేసుకొని నడిపిన తన సహజ పద్ధతిని 1961లో ప్రచురించాడు. నేటి పద్ధతులకు అది తొలి మెట్లలో ఒకటి.

మెత్తని పగడాలు రాతి పగడాలంత సుకుమారమైనవి కావు. నీటి ఉష్ణోగ్రత 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్, సాపేక్ష సాంద్రత 1.025 ప్రాంతం, ఒక మోస్తరు వెలుగు, నిలకడైన ప్రవాహం ఉంటే చాలు. నైట్రేట్ లీటరుకు 5 నుంచి 15 మిల్లీగ్రాములు ఉన్నా సాధారణంగా ఇబ్బంది పడవు. నీటిలో పోషకాలు బొత్తిగా లేకపోతేనే అవి కుంగిపోతాయి. కోతకు పూనుకునే ముందు తల్లి సమూహం కొన్ని వారాలపాటు పూర్తిగా విచ్చుకొని ఆరోగ్యంగా ఉండడం అవసరం.

4. ప్రవర్ధన పద్ధతులు

రైతుకూ, తోటమాలికీ తెలిసిన మాటలతో ఈ పద్ధతులను నాలుగు విధాలుగా వర్గీకరించవచ్చు.

4.1 ముచ్చె పద్ధతి

చెరకును ముచ్చెలుగా నరికి నాటినట్లే సార్కోఫైటాన్, సినులేరియా, లోబోఫైటమ్ వంటి తోలు పగడాలను ముక్కలు చేసి పెంచుతారు. సార్కోఫైటాన్ పుట్టగొడుగులా కాడ, గొడుగు కలిగి ఉంటుంది. పదునైన బ్లేడుతో ఒకే వేటున గొడుగును వేరుచేస్తారు. ఆ గొడుగును పళ్ళెంలో అప్పం కోసినట్లు ముక్కలు చేస్తే ప్రతి ముక్కా కొత్త సమూహమవుతుంది. మిగిలిన కాడ కొన్ని వారాల్లో మళ్ళీ గొడుగు తొడుగుతుంది.

ఇక్కడ అసలు చిక్కు ముక్కను రాతికి అతికించడంలో ఉంది. కోసిన కణజాలం జిగురు శ్లేష్మాన్ని వదులుతుంది కాబట్టి సైనోఅక్రిలేట్ జిగురు దానిపై నిలవదు. ముక్కను చిన్న రాతిపై ఉంచి పలుచని వల గుడ్డతో కప్పి రబ్బరు బ్యాండు వేయడం, లేదా ముక్క గుండా పళ్ళపుల్లను గుచ్చి ఆ పుల్లను రాతికి కట్టడం అనుభవంలో తేలిన మార్గాలు. మెల్లని ప్రవాహం ఉన్నచోట, కాస్త నీడలో ఉంచితే ఒకటి నుంచి మూడు వారాల్లో ముక్క రాతిని పట్టుకుంటుంది. బిగువుగా కడితే దారం కణజాలాన్ని కోసేస్తుంది, వదులుగా కడితే ముక్క జారిపోతుంది.

4.2 నేల అంటు పద్ధతి

మల్లె కొమ్మను వంచి మట్టిలో కప్పి, వేళ్ళు పట్టాక తల్లి నుంచి వేరుచేయడాన్ని నేల అంటు అంటారు. జెనియాకు ఇదే తగిన పద్ధతి. దాన్ని కోసి అతికించబోతే తరచుగా కుళ్ళిపోతుంది. తల్లి సమూహం అంచున ఒక ఖాళీ రాతిముక్కను ఆనించి ఉంచితే, జెనియా తానే దానిపైకి పాకుతుంది. అది రాతిని గట్టిగా పట్టుకున్నాక మధ్య బంధాన్ని కత్తిరించి ఆ రాతిని తీసుకుంటే చాలు. గాయం తక్కువ కాబట్టి నష్టమూ తక్కువ.

4.3 పెళ్ల పద్ధతి

అక్వేరియం వాడుకలో గ్రీన్ స్టార్ పాలిప్ అనే పగడం ఊదారంగు చాపలా రాతిపై పరచుకుంటుంది. దానిమీద ఆకుపచ్చని పాలిప్‌లు పచ్చికలా లేస్తాయి. తాకగానే పాలిప్‌లు లోపలికి ముడుచుకుని ఊదా చాప మాత్రమే కనిపిస్తుంది. పచ్చికను పెళ్లలుగా తీసి నాటినట్లే ఈ చాపను బ్లేడుతో కోసి, రాతి నుంచి ఒలిచి, అడుగుభాగాన్ని తడి తుడిచి జిగురుతో కొత్త రాతికి అతికిస్తారు. తోలు పగడంలా ఇది అంతగా జారదు.

4.4 రణపాల పద్ధతి

రణపాల ఆకు నేల మీద పడితే అంచుల నుంచి పిల్లమొక్కలు మొలవడం పాఠశాల విద్యార్థికీ తెలుసు. కెన్యా ట్రీ అని పిలిచే కాప్నెల్లా ఇలాంటిదే. చిన్న కొమ్మలను తానే జారవిడుస్తుంది. ప్రవాహంలో కొట్టుకుపోయిన ఆ కొమ్మ ఏ రాతి సందులో చిక్కుకుంటే అక్కడ నాటుకుంటుంది. ఇక్కడ మనిషి చేయవలసిన ప్రవర్ధనం దాదాపు లేదు. నియంత్రణ ఒక్కటే అతని పని.

5. కోతలోని ప్రమాదాలు: పోలిక చాలని చోటు

పైన వాడిన వ్యవసాయ పదాలు బోధనకు ఉపకరిస్తాయి. అయితే ఆ మాటలను నమ్ముకొని పగడాన్ని మొక్కగానే భావిస్తే ప్రమాదం తప్పదు. చెరకు ముచ్చె నరికినందువల్ల పక్క మడిలోని పంట చావదు. తొట్టెలో అలా కాదు.

అస్థిపంజరపు రక్షణ లేని ఈ జీవులు రసాయనాలనే ఆయుధాలుగా వాడుకుంటాయి. ఎర్రసముద్రపు సార్కోఫైటాన్ గ్లాకమ్ నుంచి సార్కోఫైన్ అనే టెర్పీన్ వర్గపు పదార్థాన్ని 1974లో వేరుచేశారు. అది చేపలకు విషం. తెలుగునేలకూ ఈ పరిశోధనతో సంబంధం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞులు అండమాన్-నికోబార్ దీవులు మొదలైన ప్రాంతాల మెత్తని పగడాల్లోని రసాయనాలను విస్తృతంగా పరిశీలించారు. ఔషధ పరిశోధకుడికి ఆసక్తి కలిగించే ఈ రసాయనాలే, కోత సమయంలో తొట్టెనీటిలో కలిస్తే పొరుగు పగడాలను కుంగదీస్తాయి. అందుచేత కోత ఎప్పుడూ తొట్టె బయట, తొట్టెనీరే నింపిన వేరే గిన్నెలో జరగాలి. కోసిన ముక్కలను శుభ్రమైన ఉప్పునీటిలో కడిగాకే తొట్టెలోకి చేర్చాలి. కొద్దిరోజులు ఉత్తేజిత బొగ్గు వడపోతను నడపాలి. గోధుమరంగుకు మారి జావగా కారుతున్న ముక్కను ఆశ పెట్టుకోకుండా వెంటనే తీసివేయాలి.

మనిషికి కలిగే ముప్పు మరింత తీవ్రం. జోయాంథిడ్లు నిజానికి మెత్తని పగడాల వర్గానికి చెందవు. అయినా అక్వేరియం వ్యాపారంలో వాటిని వీటితోపాటే అమ్ముతారు. వాటిలో కొన్నింటిలో, ముఖ్యంగా పాలిథోవా జాతుల్లో, పాలిటాక్సిన్ ఉంటుంది. హవాయి దీవుల్లో లభించిన జీవి నుంచి మూర్, షోయర్ ఈ విషాన్ని 1971లో వేరుచేశారు. కణపొరలోని సోడియం-పొటాషియం పంపును ఇది తెరిచిన తూములా మార్చేస్తుంది. రాయిని శుభ్రం చేద్దామని వేడినీటిలో మరిగించినా, పొడిగా గీకినా ఆ విషం తుంపరలతో, ధూళితో ఊపిరిలో చేరుతుంది. అలా కుటుంబ సభ్యులంతా ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. రాయిని మరిగించకూడదన్న నియమానికి మినహాయింపు లేదు. చేతి తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా, చేతిపై గాయం ఉండగా కోతకు దిగకూడదు. కోత జరిగే గిన్నెలు వంటింటి గిన్నెలు కాకూడదు.

6. నియంత్రణ

పొలంలో కలుపు అనేది ఒక జాతి పేరు కాదు. కోరుకోని చోట మొలిచిన ఏ మొక్క అయినా కలుపే. తొట్టెలోనూ అంతే. ఒక రాతిపై అందంగా ఉన్న జెనియా పక్క రాతిపై ఉన్న నెమ్మదైన పగడానికి వెలుగు అందకుండా చేసినప్పుడు కలుపు అవుతుంది. తుంగను పైపైన కోస్తే పోదని రైతుకు తెలుసు. జెనియాను గీకితే పోకపోగా విస్తరిస్తుందని మా తొట్టె నాకు నేర్పింది.

మొదటి మార్గం గట్టు వేయడం. వేగంగా పాకే రకాన్ని నడిమి రాతిపై ఎప్పుడూ పెట్టకూడదు. చుట్టూ వెడల్పైన ఇసుక ఉండేలా ఒంటరి రాతిపై దాన్ని ఉంచాలి. పాకడానికి గట్టి ఆధారం కావాలి కాబట్టి చాపలా పెరిగే రకాలకు ఇసుక చాలావరకు అడ్డుగట్టు అవుతుంది. తొట్టె అద్దానికి తగిలేలా ఉంచితే అద్దం మీదుగా వ్యాపిస్తుంది. కొమ్మలు జారవిడిచే కాప్నెల్లాకు ఈ గట్టు అడ్డు కాదని గుర్తుంచుకోవాలి.

రెండవది పోషకాల అదుపు. మేత తగ్గించి, క్రమంగా నీరు మార్చితే వృద్ధివేగం మందగిస్తుంది. ఇది వేగాన్ని తగ్గిస్తుందే గాని ఉన్నదాన్ని తొలగించదు. అతిగా చేస్తే ఇతర పగడాలు కూడా దెబ్బతింటాయి.

మూడవది తొలగింపు. సాధ్యమైనప్పుడల్లా రాతినే బయటకు తీసి పని చేయాలి. పగడంతోపాటు అది పట్టుకున్న రాతి పైపొరను కూడా పలుచగా చెక్కివేస్తే అడుగున కణజాలం మిగిలే అవకాశం తగ్గుతుంది. రాతిని తొట్టెనీటితో కడిగి తిరిగి ఉంచాలి. బయటకు తీయలేని రాయి అయితే పంపులన్నీ ఆపి, ఒక చేత్తో గీకుతూ మరో చేత్తో సైఫన్ గొట్టం ద్వారా ముక్కలను అప్పటికప్పుడు పీల్చివేయాలి. నేను ఉపేక్షించింది సరిగ్గా ఈ అడుగునే.

నాలుగవది రసాయనం. సందుల్లో మిగిలిన చిన్న అవశేషాలపై కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్దను పూసే పద్ధతి ఉంది. ఇది నీటి క్షారగుణాన్ని అమాంతం పెంచగలదు. కనుక ఒకనాడు ఒకటి రెండు చోట్లకే పరిమితం కావాలి.

ఈ నాలుగు మార్గాల్లో దేన్ని అనుసరించినా చివరికి ఒక బకెట్ ముక్కలు మిగులుతాయి. వాటిని ఏం చేయాలన్నదే తరువాతి ప్రశ్న.

7. తొట్టె దాటితే

గుర్రపుడెక్క దక్షిణ అమెరికాకు చెందిన మొక్క. ఊదారంగు పూల అందం చూసి మనుషులే దాన్ని దేశదేశాలకు తీసుకువెళ్ళారు. ఈనాడు మన చెరువులనూ, కాలువలనూ కమ్మేస్తున్నది అదే. సముద్రంలో ఇలాంటి కథే వెనిజులా తీరంలో జరిగింది.

యునోమియా స్టొలొనిఫెరా జెనియా కుటుంబానికి చెందిన మెత్తని పగడం. దాని సహజ నివాసం ఇండో-పసిఫిక్ జలాలు. కరీబియన్ సముద్రంలో ఆ కుటుంబపు పగడాలు సహజంగా లేవు. అలాంటిది, వెనిజులా తూర్పు తీరంలో ఈ కుటుంబపు విదేశీ పగడం పగడపు దిబ్బలను ఆక్రమిస్తున్నదని 2014లో పరిశోధకులు ప్రకటించారు. ఆ దేశంలోని మోచిమా జాతీయ ఉద్యానవన జలాల్లో అది స్థానిక పగడాలనూ, సముద్రగడ్డి మైదానాలనూ చాపలా కప్పేసింది. అక్వేరియం వ్యాపారమే దాని రాకకు మూలమని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ తరువాత క్యూబా తీరంలోనూ, హవాయిలోని పెర్ల్ హార్బర్‌లోనూ ఇదే జాతిని గుర్తించారు.

ఇప్పుడు నియంత్రణ గురించి ముందు చెప్పుకున్న మార్గాలను సముద్రానికి అన్వయించి చూద్దాం. అక్కడ ఆపడానికి పంపులు లేవు. బయటకు తీయడానికి రాయి లేదు. గీకిన ప్రతి ముక్కనూ అలలు తీసుకుపోతాయి. 150 లీటర్ల నీటిలో ఒక మనిషి చేయలేని పనిని సముద్రంలో ఎవరు చేయగలరు?

మన దేశపు ప్రధాన పగడపు దిబ్బలు మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్-నికోబార్ ప్రాంతాల్లో ఉన్నాయి. 2001లో దిబ్బలు కట్టే రాతి పగడాలు, నల్ల పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేరాయి. వీటిలో ఆర్గాన్ పైప్ పగడం, సముద్రపు విసనకర్రలు అష్టస్పర్శక వర్గానివే. కాబట్టి పేరు తెలియకుండా ముక్కను కొనడం, సముద్రం నుంచి తేవడం నైతికంగానే కాక చట్టరీత్యా కూడా తప్పు కావచ్చు. తీసుకురావడంపై చట్టం ఎంత మెలకువగా ఉందో, వదిలేయడంపై పెంపకందారు అంత మెలకువగా ఉండాలి.

మిగిలిన ముక్కలను మరో పెంపకందారుకు గానీ, ఉప్పునీటి తొట్టె ఉన్న కళాశాల జంతుశాస్త్ర విభాగానికి గానీ ఇవ్వవచ్చు. ఇచ్చేటప్పుడు దాని స్వభావాన్ని కూడా చెప్పి ఇవ్వాలి. ఎవరికీ అక్కరలేనివాటిని 1 వంతు గృహ బ్లీచ్ ద్రావణానికి 9 వంతుల నీరు కలిపి, అందులో కనీసం 30 నిమిషాలు నానబెట్టి, నిర్జీవమయ్యాక చెత్తలో వేయాలి. ఆ బ్లీచ్‌లో ఆమ్లాలను కలపకూడదు. జీవమున్న ముక్కలు గల తొట్టెనీటిని తీరంలో పారబోయకూడదు.

8. ముగింపు

పై చర్చ నుంచి తేలిన అంశాలు ఇవి:

1. మెత్తని పగడంలో ప్రతి ముక్కా విత్తనమే. అందువల్ల ప్రవర్ధనం తెలిసినవాడే నియంత్రణ చేయగలడు. నియంత్రణ తెలియనివాడు చేసే ప్రతి పనీ, తొలగింపుతో సహా, ప్రవర్ధనమే అవుతుంది.

2. ముచ్చె, నేల అంటు, పెళ్ల, రణపాల వంటి పోలికలు పద్ధతులను స్పష్టంగా బోధిస్తాయి. విజ్ఞానశాస్త్ర రచనలో కొత్త పదాలను కల్పించే ముందు ఇలాంటి వాడుక పదాలను పరిశీలించడం అవసరం.

3. ఆ పోలికలు విషరసాయనాల దగ్గర, ప్రవాహంలో చెదిరే ముక్కల దగ్గర చాలవు. ఆ చాలని చోటును కూడా చెప్పినప్పుడే బోధన పూర్తవుతుంది.

4. నియంత్రణ మొదలు కావలసింది పగడం రాతిని కమ్మేశాక కాదు, తొలి ముక్కను ఏ రాతిపై పెట్టాలో నిర్ణయించేటప్పుడు.

5. తొట్టెలోని కలుపు ఒక ఇంటి సమస్య. సముద్రంలోని కలుపు మనుషుల చేతుల్లో లేని సమస్య.

జెనియా అన్న పేరు ఉన్న గ్రీకు పదానికి ఆతిథ్యం అని అర్థం. అతిథిని ఇంట్లో ఉంచుకున్నవారికే ఆ అతిథి బాధ్యత. ఆనాడు సహోద్యోగి అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నేను చెప్పగల సమాధానం ఇదే: బకెట్లోని ప్రాణంపై దయ ఉండవలసిందే. అయితే అది సముద్రంలో అంతకుముందే ఉన్న ప్రాణాలను మరిచిపోయే దయ కాకూడదు. ఆ ముక్కల్లో కొన్నింటిని స్వభావం వివరించి మరో ఇద్దరు పెంపకందారులకు ఇచ్చాను. మిగిలినవాటిని బ్లీచ్ నీటిలో వేశాను. ఒక్క ముక్కా తీరానికి వెళ్ళలేదు.